ఉబుంటు సర్వర్‌లోని ఫైళ్లు విండోస్‌లో ఒకరికి తెరుచుకుని మరొకరికి తెరుచుకోవడం లేదు: కారణమేమిటి?

ప్రశ్న (అమలాపురం, ముద్రణాలయం)

నమస్కారం. అమలాపురంలో మాదొక చిన్న ఆఫ్‌సెట్ ముద్రణాలయం. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఉత్సవాల ఆహ్వాన పత్రికలు మా ప్రధానమైన పని. డీటీపీ గదిలో ఐదు కంప్యూటర్లున్నాయి. రెండింటిలో విండోస్ 10, ఈమధ్య కొన్న మరో రెండింటిలో విండోస్ 11 ప్రో, పాత స్కానర్‌కు తగిలించి ఉంచిన ఒకదానిలో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ నడుస్తున్నాయి. ఆ స్కానర్‌కు ఎక్స్‌పీ తరువాతి విండోస్‌లలో పనిచేసే డ్రైవరు లేదు; స్కానరు మాత్రం నిక్షేపంలా ఉంది. ఇవి కాక, ప్లేట్లకు పంపే పీడీఎఫ్‌లను సిద్ధం చేయడానికి ఒక లినక్స్ కంప్యూటరు, అందరి ఫైళ్లూ ఒకేచోట ఉండడానికి ఒక ఉబుంటు సర్వరు ఉన్నాయి. సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌ను సాంబా (లినక్స్‌లోని ఫైళ్లను విండోస్‌కు అందించే ప్రోగ్రాం) ద్వారా విండోస్ కంప్యూటర్లన్నిటికీ పంచుకున్నాము.

సర్వర్‌లో ఉబుంటును 18.04 నుంచి 22.04కు మార్చి, కొత్త కంప్యూటర్లు తెచ్చుకున్న నాటి నుంచి పని సాఫీగా సాగడం లేదు. అన్నిటికంటె ఎక్కువగా విసిగిస్తున్నది ఫైళ్ల అనుమతుల సంగతి. మా ఆర్డర్ల పట్టీ ఎక్సెల్‌లో ఉంటుంది. ఒకరు దానిని తెరిచి సేవ్ చేసి మూసిన తరువాత మరొకరు తెరిస్తే చదవడానికి మాత్రమే వస్తోంది, మార్పులు చేయనివ్వడం లేదు. వర్డ్‌లో టైపు చేసిన ప్రూఫుల పరిస్థితీ అంతే. మా దగ్గరకు వచ్చే మెకానిక్ ఫోల్డర్ మొత్తానికి 777 అనుమతులు, అంటే ఎవరైనా చదవవచ్చు, రాయవచ్చు అనే అనుమతులు, ఇచ్చారు. ఇచ్చిన పూట అంతా బాగానే ఉంటుంది, తరువాత ఒక్కొక్క ఫైలూ మళ్లీ మొదటికి వస్తుంది. విచిత్రమేమిటంటే పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఫైళ్లకు ఈ బాధ అంతగా లేదు.

రెండవది, విండోస్ 10 కంప్యూటర్లు పాస్‌వర్డ్ అడగకుండానే సర్వర్‌లోకి వెళ్తున్నాయి గాని, కొత్త విండోస్ 11 కంప్యూటర్లు వెళ్లడం లేదు. నెట్‌వర్క్ జాబితాలో సర్వర్ పేరు కూడా కనిపించడం లేదు. ఎక్స్‌పీ కంప్యూటరైతే సర్వర్‌ను మార్చిన రోజు నుంచే దానిని గుర్తించడం మానివేసింది. మూడవది, తెలుగులో పేర్లు పెట్టిన కొన్ని ఫైళ్లు విండోస్ నుంచి సర్వర్‌కు కాపీ కావడం లేదు. కొన్నింటి పేర్లు సర్వర్‌లో సక్రమంగా ఉండి, విండోస్‌లో మాత్రం అర్థం లేని అక్షరాలుగా కనిపిస్తున్నాయి.

మాఘమాసపు ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. కేబుళ్లు, స్విచ్చి మార్చి చూశాము, ఫలితం లేదు. వీటన్నిటికీ మూలం ఒక్కటేనా, లేక ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణం ఉన్నదా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (భీమవరం, కళాశాల కంప్యూటర్ల నిర్వహణ)

అయ్యా, నమస్కారం. మూలం ఒక్కటి కాదు. కేబుళ్ల జోలికి మాత్రం ఇక వెళ్లకండి. మీరు చెప్పిన మూడింటిలో మొదటిదాని గురించి రాస్తాను, ఎందుకంటే మీ పనిని రోజూ ఆపుతున్నది అదే. పైగా 777 ఇవ్వడమనే చిట్కా మన ప్రాంతంలో ప్రతి చిన్న కార్యాలయంలోనూ వేళ్లూనుకుని ఉంది.

విండోస్‌లో ఒక ఫోల్డర్‌లో కొత్త ఫైలు పుట్టినప్పుడు దానిని ఎవరు తెరవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నది సాధారణంగా ఆ ఫోల్డర్ నుంచే వారసత్వంగా వస్తుంది. ఫోల్డర్‌కు ఒకసారి అనుమతులు సరిగా ఇస్తే లోపల పుట్టేవన్నీ ఆ దారిలోనే నడుస్తాయి. ఉబుంటు, లినక్స్ పాటించే యునిక్స్ సంప్రదాయం వేరు. అక్కడ ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గ్రూపు, మిగిలినవారు అని మూడు అంతస్తులు ఉంటాయి. ఫైలును ఎవరు పుట్టిస్తే వారే యజమాని, ఫోల్డర్‌కు మీరు ఇచ్చిన 777తో ఆ కొత్త ఫైలుకు సంబంధం లేదు. 777 అన్నది ఆదేశం ఇచ్చిన క్షణాన ఉన్న ఫైళ్లకు వర్తిస్తుంది తప్ప, ఆ తరువాత పుట్టబోయేవాటికి వర్తించదు. సాంబాలో మనమేమీ చెప్పకపోతే కొత్త ఫైలుకు 0744 వరకే అనుమతులు ఇస్తుంది. యజమాని రాయవచ్చు, మిగిలినవారు చదవవచ్చు, అంతే.

మరి ఆర్డర్ల పట్టీ కొత్త ఫైలు కాదు కదా అని మీకు సందేహం రావచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. వర్డ్, ఎక్సెల్ వంటి ప్రోగ్రాములు సేవ్ చేసినప్పుడు ఉన్న ఫైలులో మార్పులు రాయవు. పక్కనే తాత్కాలికమైన పేరుతో మరొక ఫైలును సృష్టించి, అందులో అంతా రాసి, పాతదానిని తొలగించి, కొత్తదానికి పాత పేరు పెడతాయి. మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలు చెడకూడదన్న జాగ్రత్త అది. విండోస్‌లో ఇది ఎవరికీ తెలియదు. యునిక్స్ దృష్టిలో మాత్రం మీ పట్టీ సేవ్ చేసిన ప్రతిసారీ మరణించి మళ్లీ పుడుతుంది, చివరగా సేవ్ చేసినవారు దానికి యజమాని అవుతారు, 777 పోయి 0744 వస్తుంది. ఉన్న ఫైలులోనే మార్పులు రాసే ప్రోగ్రాములలో యజమానీ మారడు, అనుమతులూ మారవు. మీ పేజ్‌మేకర్ ఫైళ్లు తప్పించుకుంటున్నది అందువల్లనే. వాటిని కూడా వేరే పేరుతో సేవ్ చేస్తే ఇదే జరుగుతుంది, గమనించండి.

ఇక చేయవలసినది. సర్వర్‌లో డీటీపీ వారందరికీ కలిపి ఒక గ్రూపును సృష్టించి, ప్రతి ఒక్కరినీ అందులో చేర్చండి. పంచుకున్న ఫోల్డర్‌నూ, దానిలోని సమస్తాన్నీ ఆ గ్రూపు పరం చేయండి. గ్రూపుకు చదివే, రాసే అనుమతులు ఇచ్చి, ఫోల్డర్లకు మాత్రం సెట్‌జిడ్ అనే గుర్తును అదనంగా పెట్టండి; అంటే ఫోల్డర్లకు 2770, ఫైళ్లకు 0660. సెట్‌జిడ్ ఉన్న ఫోల్డర్‌లో పుట్టిన ఫైలు, పుట్టించినవారి సొంత గ్రూపును కాక, ఫోల్డర్ గ్రూపును తీసుకుంటుంది. ఆ తరువాత సాంబా కాన్ఫిగరేషన్‌లో ఆ షేర్ కింద ఫోర్స్ గ్రూప్‌కు ఈ గ్రూపు పేరు, క్రియేట్ మాస్క్‌కూ ఫోర్స్ క్రియేట్ మోడ్‌కూ 0660, డైరెక్టరీ మాస్క్‌కూ ఫోర్స్ డైరెక్టరీ మోడ్‌కూ 2770 రాయండి. వ్యాలిడ్ యూజర్స్ దగ్గర కూడా ఈ గ్రూపునే పేర్కొనండి. టెస్ట్‌పార్మ్ అనే ఆదేశంతో ఫైలులో తప్పులు లేవని చూసుకుని, సాంబాను మళ్లీ ప్రారంభించండి. ఇప్పుడు యజమాని ఎన్నిసార్లు మారినా మీకు నష్టం లేదు, ఎందుకంటే రాసే హక్కు గ్రూపు ద్వారా వస్తుంది.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. కొత్తగా గ్రూపులో చేర్చిన వ్యక్తికి ఆ సభ్యత్వం, సర్వర్‌తో అప్పటికే తెరిచి ఉన్న సంబంధానికి (కనెక్షన్‌కు) వర్తించదు. విండోస్ నుంచి ఒకసారి లాగ్ అవుట్ అయి రావాలి. చాలామంది అక్కడే ఇది పనిచేయలేదని నిర్ణయించి మళ్లీ 777కు వెళ్తారు. రెండవది, సర్వర్ మీదనే కూర్చుని మరొక ఫోల్డర్ నుంచి ఫైలును జరిపితే అది తన పాత గ్రూపునూ, పాత అనుమతులనూ వెంటబెట్టుకుని వస్తుంది. కాపీ చేస్తే కొత్తగా పుట్టినట్లు లెక్క కనుక కొత్త ఫోల్డర్ గ్రూపును తీసుకుంటుంది. పాత సంవత్సరాల పనులను లోపలికి తెచ్చేటప్పుడు దీనిని గుర్తుంచుకోండి.

జవాబు (పాలకొల్లు)

ఇంత శ్రమ దేనికి? ఒక విండోస్ కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టుకుంటే ఈ గొడవలేవీ ఉండవు. ఐదు కంప్యూటర్లకు ఉబుంటు అవసరమా?

జవాబు (కాకినాడ, నెట్‌వర్క్ పనులు)

పాలకొల్లు వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. మామూలు విండోస్ 10, 11 కంప్యూటరు ఒకేసారి ఇరవై సంబంధాల వరకు అనుమతిస్తుంది కనుక ఐదింటికి సరిపోతుంది. కాని ఎక్స్‌పీ సమస్య అప్పుడూ తీరదు, పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లే సమస్య అప్పుడూ తీరదు, లినక్స్ కంప్యూటరు ఎలాగూ ఉండనే ఉంది. చిక్కు ఒకచోట నుంచి మరొక చోటికి మారుతుంది, అంతే. రెండవ సమస్యకు వస్తాను.

విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే భాషను ఎస్‌ఎమ్‌బి అంటారు. 1980లలో ఐబీఎంలో పుట్టిన ఈ పద్ధతిని యునిక్స్‌కు అర్థమయ్యేలా చేసే పని ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో ఆరంభించారు. అదే నేటి సాంబా. ఆ భాషకు తరాలు ఉన్నాయి. ఎక్స్‌పీకి తెలిసినది మొదటి తరం మాత్రమే. విస్టాతో రెండవ తరం, విండోస్ 8తో మూడవ తరం వచ్చాయి. 2017 మే నెలలో ప్రపంచమంతటా ఆసుపత్రులను, కర్మాగారాలను స్తంభింపజేసిన వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం, విండోస్‌లో ఆ మొదటి తరాన్ని అమలు చేసిన తీరులోని లోపం గుండానే వ్యాపించింది. అదే సంవత్సరం చివర వచ్చిన విండోస్ 10 సంచిక నుంచి మొదటి తరాన్ని మొదట్లోనే అమర్చడం మానివేశారు. సాంబా కూడా 2019లో విడుదలైన 4.11తో దానిని మూసివేసింది. ఉబుంటు 18.04లో ఉన్నది అంతకు ముందరి సాంబా, 22.04లో ఉన్నది ఆ తరువాతిది. మీ ఎక్స్‌పీ చెడిపోలేదు, దానికి తెలిసిన ఒక్క భాషనూ సర్వరు మాట్లాడడం మానివేసింది.

సర్వర్ మిన్ ప్రోటోకాల్ అనే వరుసలో ఎన్‌టీ1 (మొదటి తరం) అని రాస్తే ఎక్స్‌పీకి దారి తెరుచుకుంటుందని మీకు ఎవరో ఒకరు తప్పక చెబుతారు. నిజమే, తెరుచుకోవచ్చు. కాని అది సర్వరు మొత్తానికి వర్తించే అమరిక. ఒక్క స్కానర్ ఫోల్డర్‌కు మాత్రమే ఇవ్వడానికి వీలు లేదు. దానికి తోడు ఎక్స్‌పీ పాస్‌వర్డ్‌ను పంపే పాత పద్ధతిని సాంబా 4.5 నుంచే నిరాకరిస్తోంది కనుక దానినీ సడలించవలసి వస్తుంది, లేదా ఎక్స్‌పీ రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలను దాచుకునే చోట) మార్పు చేయవలసి వస్తుంది. ఒక స్కానర్ కోసం ఇంత సడలింపు అవసరం లేదని నా అభిప్రాయం. స్కాన్ చేసిన బొమ్మలు సర్వర్‌కు చేరడమే కదా కావలసినది. సర్వర్‌లో ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) సేవను పెట్టి, ఎక్స్‌పీ కంప్యూటర్ చిరునామా నుంచి తప్ప మరెక్కడి నుంచీ రానివ్వకుండా, ఒకే ఒక్క ఫోల్డర్‌కు పరిమితం చేయండి. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా తీగలో ప్రయాణిస్తుంది కనుక ఆ పాస్‌వర్డ్‌ను మరెక్కడా వాడకండి. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్‌తో ఆగిపోయాయి. దానికి ఇంటర్నెట్ తగలకుండా రూటర్‌లోనే అడ్డుకోండి.

ఇక విండోస్ 11. ఉబుంటులో సాంబాతో పాటు వచ్చే కాన్ఫిగరేషన్‌లో మ్యాప్ టు గెస్ట్ అనే వరుస ఒకటి ఉంటుంది. వచ్చిన పేరు సర్వర్‌కు తెలియనిదైతే తిప్పి పంపకుండా అతిథిగా లోపలికి రానివ్వమని దాని అర్థం. మీ విండోస్ 10 కంప్యూటర్లు ఇంతకాలం పాస్‌వర్డ్ లేకుండా వెళ్తున్నది అలా అతిథులుగానే. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 సంచిక నుంచి రెండు మార్పులు వచ్చాయి: అతిథిగా వెళ్లడాన్ని విండోస్ తనంతట తానే నిరాకరిస్తుంది, ప్రతి సందేశం మీద సంతకం ఉండాలని పట్టుబడుతుంది. ఆ సంతకానికి కావలసిన తాళంచెవి పాస్‌వర్డ్‌ను ఆధారం చేసుకుని తయారవుతుంది. అతిథికి పాస్‌వర్డే లేదు కనుక సంతకం సాధ్యం కాదు. రిజిస్ట్రీలో ఈ రెండింటినీ ఆపివేసే చిట్కాలు దొరుకుతాయి గాని, వాటి జోలికి పోకుండా ప్రతి ఒక్కరికీ సర్వర్‌లో పేరు, పాస్‌వర్డ్ ఇవ్వడమే మేలు. భీమవరం వారు చెప్పిన గ్రూపు పద్ధతికి కూడా అది తప్పనిసరి. అందరూ అతిథులైతే ఎవరు ఏమి మార్చారో సర్వర్‌కు తెలిసే మార్గం లేదు.

లినక్స్‌లో ఒకరికి ఖాతా ఉన్నంత మాత్రాన సాంబాలో ఉన్నట్లు కాదు. రెండూ పాస్‌వర్డ్‌ను వేర్వేరు రూపాలలో దాచుకుంటాయి కనుక సాంబా పాస్‌వర్డ్‌ను విడిగా చేర్చాలి. విండోస్ అడిగినప్పుడు పేరుకు ముందు సర్వర్ పేరు, వెనుకకు వాలిన గీత పెట్టి రాయండి. లేకపోతే విండోస్‌లో లాగిన్ అయిన ఈమెయిల్ ఖాతానే పంపుతుంది. ఒకే సర్వర్‌కు ఒకే సమయంలో రెండు పేర్లతో వెళ్లడానికి విండోస్ ఒప్పుకోదు, 1219 అనే దోషసంఖ్య చూపిస్తుంది. పాత సంబంధాన్ని తెంచి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పేరును తొలగించి, మళ్లీ వెళ్లండి.

నెట్‌వర్క్ జాబితాలో సర్వర్ కనిపించకపోవడం వేరే సంగతి. పాత జాబితా పద్ధతి మొదటి తరంతో ముడిపడి ఉండేది, దానితోపాటే పోయింది. ఉబుంటులో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రాం పెడితే పేరు మళ్లీ కనిపిస్తుంది. అది లేకపోయినా చిరునామా పట్టీలో సర్వర్ ఐపీ రాసి వెళ్లవచ్చు.

జవాబు (తణుకు, డీటీపీ)

తెలుగు పేర్ల సంగతి నాకు వదిలిపెట్టండి. దీనిలో నాలుగు వేర్వేరు తగాదాలు ఉన్నాయి, అన్నిటినీ కలిపి నెట్‌వర్క్ మీదికి నెట్టడం వలన ఎవరికీ పరిష్కారం దొరకడం లేదు.

కాపీ కాని ఫైళ్లతో మొదలుపెడతాను. విండోస్‌లో ఫైలు పేరుకు 255 సంకేతాల పరిమితి ఉంది. లినక్స్‌లో డిస్కు మీద ఫైళ్లను అమర్చడానికి సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో కూడా 255 అనే ఉంటుంది గాని, అవి సంకేతాలు కావు, బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ప్రతిదానికీ మూడు బైట్లు కావాలి. పైగా మనం ఒక్కటిగా చదివే అక్షరం లోపల అనేక సంకేతాలు ఉంటాయి: శ్రీలో శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిపి నాలుగు, అంటే పన్నెండు బైట్లు. "అంతర్వేది శ్రీలక్ష్మీనరసింహస్వామివారి కల్యాణోత్సవాల కరపత్రం రెండవ ప్రూఫ్ సరిచూసినది" అని పేరు పెట్టి పీడీఎఫ్‌గా దాచారనుకోండి. ఖాళీలతో, చివర పీడీఎఫ్ అనే తోకతో కలిపి 241 బైట్లు అవుతుంది, సర్వర్‌లోకి వెళ్తుంది. దానికి మన అలవాటు చొప్పున చివర "ఫైనల్" అని చేరిస్తే 257 అవుతుంది, వెళ్లదు. విండోస్ లెక్కలో అది తొంభై మూడు సంకేతాల పేరు, పరిమితికి ఎంతో దూరంలో ఉన్నది కనుక దానికి ఏ అభ్యంతరమూ ఉండదు. ప్రతి ప్రెస్సులోనూ పెద్ద పండుగల పనులే ఎందుకు మొరాయిస్తాయన్నదానికి సమాధానం ఇదే, వాటి పేర్లే పొడవు. తెలుగు పేరును ఎనభై సంకేతాల లోపు ఉంచితే ఎప్పుడూ ఇబ్బంది ఉండదు. దానిని అక్షరాలలో లెక్కించుకుంటే ముప్పై అయిదు, నలభై మించకుండా చూసుకోవాలి.

సర్వర్‌లో సక్రమంగా ఉండి విండోస్‌లో అర్థం లేని అక్షరాలుగా కనిపించే పేర్లకు కారణం తెలుగు కాదు, మధ్యలో ఉన్న గుర్తు. శుభలేఖ ఫైలుకు ముహూర్తాన్ని కలిపి "రాత్రి 10:42" అని పేరు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. లినక్స్‌కు అభ్యంతరం లేదు. విండోస్‌లో ఆ రెండు చుక్కల గుర్తు ఫైలు పేరులో నిషిద్ధం. ప్రశ్నార్థకం, నక్షత్రం, నిలువు గీత, కోణపు గుర్తులు, జంట కొటేషన్ గుర్తు కూడా అంతే. పేరు చివర చుక్క గాని, ఖాళీ గాని ఉన్నా అంతే. అటువంటి పేరును విండోస్‌కు యథాతథంగా చూపించలేక, సాంబా ఎనిమిది అక్షరాల పొట్టి పేరు ఒకటి కల్పించి చూపిస్తుంది. మీరు చూస్తున్నది ఆ కల్పించిన పేరే. మీ లినక్స్ కంప్యూటర్‌లో పేర్లు పెట్టేవారికి ఈ గుర్తుల జాబితాను తెర పక్కన అతికించండి. గుర్తులను మార్చి చూపే అమరికలు సాంబాలో ఉన్నాయి గాని, పేరులో 10.42 అని రాసుకోవడం వాటికన్నా తేలిక.

పేజ్‌మేకర్‌లో తెలుగు పేర్ల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే దానికీ సర్వర్‌కూ సంబంధం లేదు. అది యూనికోడ్ రాకముందరి పద్ధతిలో రాసిన ప్రోగ్రాం. విండోస్‌లో తెలుగుకు పాత తరహా కోడ్ పేజీ (అక్షరాలకు సంకేతాలు కేటాయించే పట్టిక) ఎప్పుడూ లేదు కనుక తెలుగు పేరు దానికి చేరే మార్గమే లేదు. లోపల అను ఫాంట్లలో తెలుగు కనిపిస్తున్నది కదా అనవచ్చు. అను ఫాంట్లలో దాగి ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలే, ఆకారం మాత్రం తెలుగుది. ఫైలును అదే కంప్యూటర్ డిస్కులో పెట్టుకున్నా ప్రశ్నార్థకాలే వస్తాయి. పేజ్‌మేకర్ నడిచినంతకాలం ఆ ఫైళ్లకు ఆర్డరు సంఖ్య, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలలో ఊరి పేరు చాలు.

నాలుగవది చిన్నదే గాని, దొరకడం కష్టం. పొల్లుతో ముగిసిన మాటకు మరొకటి చేర్చేటప్పుడు ఒత్తు పడకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనిపించని సంకేతాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ఒకే పేరున్న ఫైళ్లు రెండు పక్కపక్కన కనిపిస్తే, వెతికితే దొరకవలసినది దొరకకపోతే, ముందు దానిని అనుమానించండి. ఈ విషయంలో విండోస్, లినక్స్ రెండూ ఒకే పక్షం, రెండింటికీ అవి వేర్వేరు పేర్లే.

ఇంగ్లీషు పేర్లకు వస్తే పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లినక్స్‌కు ఉంది, విండోస్‌కు లేదు. పాత స్కానర్ ప్రోగ్రాములు ఫైలు తోకను పెద్దబడిలో రాస్తే, లినక్స్‌లో మీరు రాసుకున్న స్క్రిప్టు చిన్నబడి తోకల కోసం వెతుకుతూ వాటిని వదిలివేస్తుంది. మన లిపిలో ఈ రెండు బడులు లేవు కనుక తెలుగు పేర్లకు ఈ ఒక్క బాధ తప్పింది.

ప్రశ్న అడిగినవారు (అమలాపురం)

అందరికీ కృతజ్ఞతలు. భీమవరం వారు చెప్పినట్లు గ్రూపు, సెట్‌జిడ్ అమర్చాము. ఆర్డర్ల పట్టీ ఎవరు సేవ్ చేసినా అందరికీ తెరుచుకుంటోంది. విండోస్ 11 కంప్యూటర్లు పేరు, పాస్‌వర్డ్‌తో వెళ్తున్నాయి. విండోస్ 10 వాటికి కూడా అలాగే ఇచ్చి, అతిథి మార్గాన్ని మూసివేశాము. ఎక్స్‌పీకి ఎఫ్‌టీపీ పనిచేస్తోంది. పేర్ల విషయంలో తణుకు వారు చెప్పిన కారణాలు అక్షరాలా సరిపోయాయి.

మరి రెండు సందేహాలు మిగిలాయి. పీడీఎఫ్‌లు సిద్ధం చేసే లినక్స్ కంప్యూటరు అదే ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ (లినక్స్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా చూస్తుంది. విండోస్‌లో దిద్ది సేవ్ చేసిన తరువాత కూడా ఆ కంప్యూటర్‌లో ఒక్కొక్కసారి పాత ప్రతి వస్తోంది. ఒక కరపత్రం ప్లేటు దశ వరకు పాత తేదీతోనే వెళ్లింది. రెండవది, కరెంటు పోయినప్పుడు డిజైన్ కంప్యూటర్లు ఆగిపోతాయి, సర్వరు మాత్రం ఇన్వర్టర్ మీద నడుస్తూ ఉంటుంది. కరెంటు వచ్చిన తరువాత తెరిస్తే ఆ ఫైలును మరొకరు వాడుతున్నారని వస్తుంది. చూపించే పేరు ఆ కూర్చున్న మనిషిదే.

జవాబు (భీమవరం)

ఒకే ఫోల్డర్‌కు రెండు ద్వారాలు పెట్టడం వలన వచ్చిన చిక్కు మొదటిది. ఫైలును తాను ఒక్కడే వాడుతున్నానని నమ్మకం కుదిరితే విండోస్ తన మార్పులను కొంతసేపు తన దగ్గరే ఉంచుకుని, తరువాత సర్వర్‌కు పంపుతుంది. వేగం కోసం సాంబా ఆ అనుమతి ఇస్తుంది. మరొక విండోస్ కంప్యూటరు అదే ఫైలును అడిగితే, ముందు నీ దగ్గర ఉన్నవి ఇచ్చివేయమని సాంబా మొదటిదానికి కబురు పంపుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా వచ్చి అడిగినవారి సంగతి సాంబాకు తెలియదు కనుక ఆ కబురు వెళ్లదు. ఎన్‌ఎఫ్‌ఎస్ కూడా తన వైపున కొంతసేపు పాత వివరాలనే గుర్తుంచుకుంటుంది, కనుక ఆలస్యం రెండు వైపులా ఉంది. ఒకరు వాడుతున్న ఫైలును మరొకరు మార్చకుండా ఆపే తాళాల విషయంలోనూ ఇంతే. విండోస్‌లో తెరిచి ఉన్న ఫైలును మరొకరు తొలగించలేరు. యునిక్స్‌లో తాళం ఒక మర్యాద మాత్రమే, పాటించని ప్రోగ్రాం తన పని తాను చేసుకుపోతుంది. పేజ్‌మేకర్‌లో తెరిచి ఉన్న ఫైలును మీ స్క్రిప్టు మార్చివేసినా ఎవరూ అడ్డుపడరు.

దీనికి కెర్నల్ ఆప్‌లాక్స్ అనే అమరిక సాంబాలో ఉంది, సాధారణంగా మూసి ఉంటుంది. దానిని తెరవడం కన్నా లినక్స్ కంప్యూటర్‌ను కూడా సాంబా ద్వారం నుంచే రానివ్వడం మంచిది. లినక్స్ ఎస్‌ఎమ్‌బి షేర్‌ను తగిలించుకోగలదు, దానికి కావలసిన సిఫ్స్-యుటిల్స్ ఉబుంటులో దొరుకుతుంది. అప్పుడు అందరి రాకపోకలూ ఒకరి కళ్లముందే జరుగుతాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ వేగం ఎక్కువని కొందరంటారు. మీ పరిమాణానికి ఆ తేడా లెక్కలోకి రాదు.

కరెంటు పోయినప్పుడు డిజైన్ కంప్యూటరు వెళ్లిపోతున్నానని చెప్పకుండానే ఆగిపోతుంది. సర్వర్ దృష్టిలో ఆ మనిషి ఇంకా ఫైలును తెరిచి ఉంచాడు, పాత సంబంధం బతికే ఉంది. మళ్లీ వచ్చిన మనిషి కొత్త సంబంధంతో వస్తాడు కనుక తన తాళం తనకే అడ్డవుతుంది. సర్వర్‌లో ఎస్‌ఎమ్‌బీస్టేటస్ అనే ఆదేశం ఇస్తే ఏ ఫైలు ఏ సంబంధం కింద తెరిచి ఉన్నదో, దాని ప్రాసెస్ సంఖ్యతో సహా చూపిస్తుంది. ఒకే పేరుతో రెండు కనిపిస్తే పాత సమయం ఉన్నదాని సంఖ్యను మాత్రమే ఆపండి. సాంబా మొత్తాన్ని మళ్లీ ప్రారంభిస్తే తాళం పోతుంది గాని, యూపీఎస్ ఉండి కరెంటు కోతలోనూ ఆగకుండా పని చేసుకుంటున్న కంప్యూటర్ల సంబంధాలు కూడా తెగి, వాటిలో సేవ్ చేయకుండా తెరిచి ఉంచిన పని పాడయ్యే ప్రమాదం ఉంది.